విజయవాడలో డాబా మీద నుంచి 8 అంగుళాల టెలిస్కోప్‌తో, వారంలో మసకబారే సూపర్నోవాని కొలవగలమా?

కొలవొచ్చండి. కాకపోతే మూడు రోజులకోసారి ఫొటో తీస్తే చాలదు.

సూపర్నోవా అంటే పేలిపోయే నక్షత్రం. టైప్ 1ఏ లాంటి మామూలు రకాల వెలుగు నికెల్-56 అనే రేడియోధార్మిక లోహం నుంచి వస్తుంది. దాని అర్ధాయువు 6 రోజులు, అది మారి ఏర్పడే కోబాల్ట్-56ది 77 రోజులు. అందుకే నెలల తరబడి వెలుగుతాయి. వేగంగా ఆరిపోయేవాటిలో చాలావాటి సంగతి వేరు. నక్షత్రం పేలకముందే తన పైపొరలు కొన్ని బయటికి విసిరేసి ఉంటుంది. పేలుడు వెళ్లి వాటిని గుద్దుకుంటే ఆ ఊపు వెలుగవుతుంది. లెక్క వేసి చూడండి: సెకనుకి 10,000 కిలోమీటర్లంటే రోజుకి 86 కోట్ల కిలోమీటర్లు. ఆ పొర 450 కోట్ల కిలోమీటర్ల దాకా, అంటే సూర్యుడి నుంచి నెప్ట్యూన్ ఉన్నంత దూరం పరుచుకుని ఉన్నా ఐదారు రోజుల్లో దాటేస్తుంది. ఆ తర్వాత గుద్దుకోడానికేమీ ఉండదు. ఇలా వేగంగా ఆరిపోయిన కేఎస్ఎన్ 2015కే అనే సూపర్నోవా 2.2 రోజుల్లో గరిష్ఠానికి చేరింది, అందులో సగానికి పైన వెలిగింది 6.8 రోజులే. ఇంత కచ్చితంగా తెలిసిందంటే కెప్లర్ అంతరిక్ష టెలిస్కోప్ అరగంటకోసారి కొలవబట్టే.

కాబట్టి కొత్త సూపర్నోవాల్ని నమోదు చేసే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్ సైటులో 15వ మాగ్నిట్యూడ్ (ప్రకాశం కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగెక్కువ) కన్నా ప్రకాశంగా కొత్తది కనబడితే ఆ రాత్రే మొదలుపెట్టండి. 60 సెకన్ల ఫ్రేములు 30 కలిపితే లైట్ కర్వ్‌లో (రోజుల వారీ వెలుగు గ్రాఫులో) ఒక పాయింటు. రాత్రికి రెండు మూడు పాయింట్లు, మధ్యలో రెండేసి గంటలు. ఆకుపచ్చ-పసుపు వెలుగుని మాత్రమే పంపే వీ ఫిల్టర్ వాడండి. తొలి రోజుల్లో ఇలాంటి సూపర్నోవా బాగా నీలంగా ఉంటుంది, అందుకని దాని వెలుగుని పోల్చి చూసే నక్షత్రాల్లో ఎర్రటివి వద్దు.

ఎక్కువమంది దెబ్బతినేది సూపర్నోవా ఉన్న గెలాక్సీ వెలుగు దగ్గర. సూపర్నోవా తగ్గేకొద్దీ ఫొటోలో దాని చుట్టూ గీసి కొలిచే వృత్తంలో గెలాక్సీ వాటా పెరిగి, అసలుకన్నా మెల్లగా ఆరుతున్నట్టు చూపిస్తుంది. ఏడాది తర్వాత అదే చోటు, అదే సెటప్‌తో తీసి, ఆ వెలుగుని పాత ఫొటోలోంచి తీసేయండి.

వెలుగుని రంగులుగా విడదీసే స్టార్ ఎనలైజర్ గ్రేటింగ్ మీద ఆశ పెట్టుకోకండి. దాని విభేదన (దగ్గర రంగుల్ని విడదీసే శక్తి) సుమారు 100, అంటే సెకనుకి 3,000 కిలోమీటర్ల కన్నా సన్నటి గీతల వెడల్పు తేలదు. చుట్టూ ఉన్న పదార్థం చూపే హీలియం గీతలు తరచూ అంతకన్నా సన్నం.

విజయవాడలో జూన్ నుంచి మబ్బులు, చలికాలంలో కృష్ణ ఒడ్డున మంచు. లెన్స్ మీద తేమ పట్టకుండా వేడి చేసే డ్యూ హీటర్ కట్టుకోండి, ఆకాశంలో 30 డిగ్రీల ఎత్తు కన్నా కిందున్నవి వదిలేయండి. 2023 మేలో ఎం101 గెలాక్సీలో వచ్చిన 2023ఐఎక్స్ఎఫ్ సూపర్నోవా ఇక్కడ ఉత్తరాన 52 డిగ్రీల ఎత్తుకొచ్చింది. అలాంటిది దొరకడం అదృష్టమే.

టైము యూటీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాయండి. మన తెల్లవారుజాము 3 గంటలంటే యూటీలో ముందురోజు రాత్రి 9:30. ఈ రకం సూపర్నోవాకి ఒక్క రోజు తేడా వస్తే లైట్ కర్వ్ మొత్తం తప్పే.