స్టెయిన్ డబ్బా మూత తీసే ముందు

చిరంజీవి శేఖర్‌కు పెదనాన్న ఆశీస్సులు.

బల్ల చేయడం అయింది, ఏ స్టెయిన్ (చెక్కలోకి ఇంకి రంగు తెచ్చే ద్రవం) కొనాలని అడిగావు. అది తర్వాత. ముందు బల్లను కిటికీ పక్కకు జరిపి, వెలుతురు ఏటవాలుగా పడేలా పెట్టి చూడు. ఇప్పుడు కనబడీ కనబడనట్టున్న గీతలన్నీ స్టెయిన్ తగలగానే నల్లగా తేలతాయి. పెయింటైతే కప్పేస్తుంది, స్టెయిన్ బయటపెడుతుంది.

100 నంబరు సాండ్ పేపరుతో మొదలెట్టి 150, ఆపైన 180 వాడు, నంబరు పెరిగేకొద్దీ పేపరు నునుపు. చేతితో రుద్దేటప్పుడు చెక్కలోని సహజమైన చారల వెంటే రుద్దాలి. మధ్యలో నంబరు ఎగ్గొడితే ముందరి పేపరు గీతలు అలాగే ఉండిపోతాయి. 180 దగ్గర ఆగిపో, మరీ నునుపైతే చెక్క రంగు అంతగా పీల్చదు. పలక కొసలు మాత్రం ఎక్కువ తాగి నల్లబడతాయి కనుక అక్కడ 220 దాకా వెళ్ళు. అతుకుల దగ్గర థిన్నర్‌తో తడిపిన గుడ్డ రాస్తే జిగురు అంటిన చోటు పాలిపోయి కనబడుతుంది. దాన్ని గీకెయ్, లేకపోతే అక్కడ రంగు పట్టదు.

పైన్ లాంటి చెక్క రంగును ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పీల్చి మచ్చలు పడుతుంది. దానికి చిక్కగా ఉండే జెల్ స్టెయిన్ మేలు. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, ఫినిష్ (పైపూత) వేసే ముందు అసిటోన్‌తో తుడవాలి. అసలు మంచి టేకుకు స్టెయిన్ ఎందుకో నాకు అర్థం కాదు!

అదే చెక్క తునక మీద, అదే పేపరుతో రుద్ది, స్టెయిన్ వేసి, పైన క్లియర్ కోటు (రంగు కనబడని పైపూత) కూడా వేశాకే రంగు నచ్చిందో లేదో తేల్చుకో. ఒట్టి స్టెయిన్ ఆరాక వెలిసిపోయినట్టుంటుంది, క్లియర్ పడితే ముదురుతుంది.

బల్ల మీద స్టెయిన్ ధారాళంగా రాసి, 5 నుంచి 10 నిమిషాల్లో పొడిగుడ్డతో మొత్తం తుడిచెయ్. ముదురు రంగొస్తుందని తుడవకుండా వదిలేస్తే పైన జిగటగా ఉండిపోయి, దాని మీద క్లియర్ కోటుగా వేసే పాలియురిథేన్ పెచ్చులూడుతుంది. ముదురు కావాలంటే ముదురు షేడే కొను.

ఆయిల్ పాలియురిథేన్ తేనెరంగు తెస్తుంది, గీతలకూ తడికీ ఆగుతుంది. లేతరంగు చెక్క లేతగానే ఉండాలంటే నీటి రకం పాలియురిథేన్ వాడు. కానీ ఆయిల్ స్టెయిన్ పూర్తిగా ఆరకుండా దాన్ని వేస్తే అంటుకోదు. షెల్లాక్ (లక్కతో చేసే పూత) మెరుపు అందంగానే ఉంటుంది గానీ వేడి గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది, భోజనాల బల్లకు వద్దు.

పాలియురిథేన్ డబ్బాను కుదపకు, బుడగలొస్తాయి. అడుగు నుంచి మెల్లగా కలుపు. పల్చగా మూడు కోట్లు చాలు. ఆయిల్ రకమైతే కోటుకూ కోటుకూ మధ్య ఒక రోజు ఆగి, 320తో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడువు. బల్ల అడుగున కూడా వెయ్యి. ఒకవైపే వేస్తే రెండువైపులా తేమ ఒకేలా పీల్చక పలక వంకర తిరగొచ్చు.

ఆయిల్ స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విప్పి ఆరబెట్టు, లేదా నీళ్లలో ముంచు. ఆయిల్ పాలియురిథేన్ పూర్తిగా గట్టిపడటానికి నెల దాకా పడుతుంది, అప్పటిదాకా బల్ల మీద ప్లాస్టిక్ షీటు పరవొద్దని మీ అమ్మకు చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న