22–0 మ్యాచ్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ డ్రాఫ్ట్ చదివాను. 1975 సెప్టెంబరు 16న షికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ చేతిలో కబ్స్ 22–0తో ఓడిన బేస్‌బాల్ మ్యాచ్‌ను ఎంచుకున్నావు, బాగుంది. కానీ మొదటి పేరాలోనే ‘ఊచకోత’, ‘సునామీ’, ‘చీల్చి చెండాడారు’ మూడూ ఖర్చు పెట్టేశావు. 22–0 అని రాశాక విశేషణాలు దండగ.

మన పాఠకుడికి క్రికెట్ లెక్కే అలవాటు. 22 పరుగులంటే రెండు మూడు ఓవర్ల పని అనుకుంటాడు. మేజర్ లీగ్‌లో (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ లీగ్) జట్టు మ్యాచ్‌కి సగటున నాలుగైదు పరుగులే చేస్తుందని ముందే చెప్పెయ్. 1900 తర్వాత ఇంతకు మించిన తేడాతో షటౌట్ గెలుపు (ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వకుండా గెలవడం) లేదనీ, 2004 ఆగస్టు 31న క్లీవ్‌లాండ్ జట్టు న్యూయార్క్ యాంకీస్‌ను వాళ్ల సొంత మైదానంలోనే ఇదే స్కోరుతో ఓడించి సమం చేసిందనీ మరో వాక్యం చాలు. 1883 నాటి 28–0 జోలికి పోకు, అప్పటి నియమాలే వేరు.

పరుగులన్నీ వరసగా చెప్పుకుంటూ పోవడం ఇలాంటి రిపోర్టుల్లో పెద్ద జబ్బు. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానిలో జట్టుకి మూడు ఔట్లు. మొదటి ఇన్నింగ్స్‌లో పైరేట్స్‌కి తొమ్మిది పరుగులు పడ్డాయి, మ్యాచ్ అక్కడే తేలిపోయింది. కబ్స్ పిచర్ (బంతి విసిరేవాడు) రిక్ రషెల్ పక్కన బాక్స్ స్కోరులో (మ్యాచ్ అంకెల పట్టికలో) 0.1 అని ఉంటే నువ్వు ‘ఇన్నింగ్స్‌లో పదో వంతు’ అని రాశావు. అది మూడో వంతు, అంటే ఒక్క ఔట్. ఆ ఒక్క ఔట్‌కి ఎనిమిది పరుగులిచ్చాడు. ఎనిమిదీ ఎర్న్‌డ్ రన్సే (ఫీల్డర్ల తప్పు లేకుండా పిచర్ ఇచ్చిన పరుగులే) అనుకుంటే ఆ ఒక్క మ్యాచ్‌కి అతని ఈఆర్‌ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే ఎర్న్‌డ్ రన్స్ సగటు, 216. ఎనిమిదిని తొమ్మిదితో గుణించి మూడో వంతుతో భాగించి చూసుకో.

తర్వాత నిలవాల్సింది పైరేట్స్ బ్యాటర్ రెనీ స్టెనెట్ దగ్గర. ఏడుసార్లు ప్లేట్‌కి (బ్యాటింగ్‌కి) వచ్చి ఏడు హిట్లు కొట్టాడు: నాలుగు సింగిల్స్, రెండు డబుల్స్, ఒక ట్రిపుల్ (వరసగా ఒకటి, రెండు, మూడు బేస్‌లు చేర్చే హిట్లు). మొదటి ఇన్నింగ్స్‌లో రెండు, మళ్లీ ఐదో ఇన్నింగ్స్‌లో రెండు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ట్రిపుల్ కొట్టాక అతని బదులు పరుగెత్తడానికి వేరేవాణ్ని పంపారు. నువ్వు ‘అద్భుత ఫామ్’ అని వదిలేశావు. అతనికి ఏడో అవకాశం ఎలా వచ్చిందో అడగలేదు. తొమ్మిది మంది వరసలో ఒకడు ఏడోసారి రావాలంటే అతని మొదటి వంతుకీ ఏడో వంతుకీ మధ్య వరస ఆరుసార్లు తిరగాలి, అంటే జట్టు తరఫున కనీసం 55 మంది ప్లేట్‌కి రావాలి. ఇక్కడే స్కోరర్ల తూకం పనికొస్తుంది: ప్లేట్‌కి వచ్చినవాళ్లు = పరుగులు + ఔట్లు + బేస్‌ల మీద మిగిలిపోయినవాళ్లు. 22 పరుగులు, తొమ్మిది ఇన్నింగ్స్‌ల 27 ఔట్లు కలిపితే 49. కాబట్టి పైరేట్స్ కనీసం ఆరుగురిని బేస్‌ల మీదే వదిలేశారు. 22 కొట్టిన జట్టు కూడా అవకాశాలు పోగొట్టుకుంది! ఏ బాక్స్ స్కోరైనా ఈ తూకం కుదరకపోతే ఎక్కడో అంకె తప్పు ఎక్కించావన్నమాట.

పరుగుల గోలలో సున్నాను మర్చిపోయావు. కబ్స్‌కి దక్కినవి మూడే హిట్లు. అయితే పైరేట్స్ పిచర్ పేరు పెట్టి ‘జాన్ క్యాండెలేరియా షటౌట్’ అని రాయకూడదు. అతను ఏడు ఇన్నింగ్స్ వేసి దిగిపోయాడు. గెలుపు అతని ఖాతాలో పడుతుంది, షటౌట్ మాత్రం జట్టుది. అదే 2025 మే 10న శాన్‌డియేగో కొలరాడోను 21–0తో ఓడించినప్పుడు స్టీఫెన్ కొలెక్ తొమ్మిదీ తనే వేశాడు, అక్కడ అతని పేరిట రాయొచ్చు.

ఇంకో చిన్న చిక్కు, సేవ్ (ఆధిక్యం కాపాడి మ్యాచ్ ముగించిన పిచర్‌కి ఖాతాలో రాసేది). తేడా ఎంతున్నా చివరి మూడు ఇన్నింగ్స్ నిలబెట్టిన రిలీవర్‌కి (మధ్యలో దిగిన పిచర్‌కి) సేవ్ ఇస్తారు. 2007లో టెక్సాస్ 30–3తో గెలిచినప్పుడు వెస్ లిటిల్టన్‌కి అలాగే వచ్చింది. నీ మ్యాచ్‌లో క్యాండెలేరియా తర్వాత మిగిలినవి రెండే ఇన్నింగ్స్, కాబట్టి ‘సేవ్’ అన్న నీ నాలుగో పేరా కొట్టెయ్. మిగతాది సరిచేసి పంపు.

ఉంటాను.