విశాఖలో ఫ్లాట్‌లో ఉంటూ మొదటి ఎలక్ట్రిక్ గిటార్‌గా సెమీ హాలో కొనొచ్చా? ఉప్పుగాలికి పాడవదా?

మీరు అడిగినవి రెండు. ఇన్నాళ్ళూ అకూస్టిక్ వాయించి ఇప్పుడు ఎలక్ట్రిక్‌కి మారుతున్నారు కాబట్టి సెమీ హాలో తీసుకోవచ్చా అని ఒకటి, ఇల్లు బీచ్‌కి దగ్గర కాబట్టి సముద్రపు గాలికి తట్టుకుంటుందా అని రెండోది. తీసుకోండి. నేను లాసన్స్ బే కాలనీలో ఉంటూ కొన్నేళ్ళుగా ఐబనేజ్ కంపెనీ సెమీ హాలో ఆర్ట్‌కోర్ వాయిస్తున్నాను, ఇంట్లో వాయించుకునేవాళ్ళకి దీన్ని మించిన ఎలక్ట్రిక్ లేదని నా గట్టి నమ్మకం.

సాలిడ్ బాడీని, అంటే లోపల ఖాళీ లేని గట్టి చెక్క గిటార్‌ని, యాంప్‌కి (సౌండ్ పెంచే పెట్టెకి) పెట్టకుండా వాయిస్తే సన్నగా తీగల చప్పుడే వస్తుంది. సెమీ హాలోకి లోపల ఖాళీ ఉంటుంది కాబట్టి ప్లగ్ చేయకపోయినా గదిలో మనకి హాయిగా వినపడుతుంది, పక్క ఫ్లాట్ వాళ్ళకి మాత్రం వినపడదు. రాత్రి అందరూ పడుకున్నాక మంచం మీద కూర్చుని వాయించుకోవచ్చు. కేబుల్ వెతకాలి, యాంప్ తీయాలి అన్న పని లేకపోతే గిటార్ చేతిలో ఉండే సమయం ఎంత పెరుగుతుందో మీరే చూస్తారు.

ఫుల్ హాలో వేరు, దీన్ని దానితో కలపొద్దు. అందులో పొట్ట మొత్తం ఖాళీ, సౌండ్ పెంచితే ఆ శబ్దానికే పైచెక్క అదిరి, ఆ అదురు మళ్ళీ పికప్‌లోకి (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగంలోకి) వెళ్ళి కూత మొదలవుతుంది. 1958లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-335 అనే సెమీ హాలో తెచ్చినప్పుడు అటూ ఇటూ ఖాళీ వదిలి నడిమధ్యన ఒక మేపుల్ దిమ్మ పెట్టింది, దాంతో కూత బాగా తగ్గింది, స్వరం కూడా ఎక్కువసేపు నిలబడుతుంది. మన సంగీతం వాయించాలని ఉంటే ఈ రెండోది చాలా ముఖ్యం. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు వాయించింది ఎలక్ట్రిక్ మాండొలిన్, స్వరం నిలబడితేనే కదా గమకం పూర్తిగా పలికేది. కళ్యాణిలో నిషాదం మీద ఆగి ఊపితే నా అకూస్టిక్ మీద ఊపు పూర్తయ్యేలోపే స్వరం ఆరిపోయేది, దీనిమీద చివరిదాకా వినపడుతుంది. పైగా అకూస్టిక్ సెట్లలో మూడో తీగకి సాధారణంగా పైన సన్నటి తీగ చుట్టు ఉంటుంది, లాగడం కష్టం. ఎలక్ట్రిక్ 10 సెట్‌లో (అన్నిటికంటే సన్న తీగ 0.010 అంగుళాలు ఉండే సెట్‌లో) ఆ తీగ చుట్టు లేకుండా వస్తుంది, తేలిగ్గా లాగొచ్చు.

ఇక ఉప్పుగాలి. చెక్క గురించి టెన్షన్ పడకండి. వీటి బాడీ ఎక్కువగా పొరలు అతికించిన చెక్క, కాబట్టి తేమకి ఒకే పలక చెక్క ఉన్న అకూస్టిక్ కంటే తక్కువ కదులుతుంది. పొరల చెక్క అని చిన్నచూపు వద్దు, ఈఎస్-335 కూడా మొదటినుంచీ పొరల మేపులే. మన ఊళ్ళో దెబ్బ తినేది ఇనుము: తీగలు, బ్రిడ్జ్ స్క్రూలు, కేబుల్ పెట్టే జాక్, సౌండ్, టోన్ తగ్గించి పెంచే నాబ్‌ల కింద ఉండే ‘పాట్’ అనే భాగాలు. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తీగలు తుడవండి, బాల్కనీ వైపు గోడకి వేలాడదీయకండి, కేస్‌లో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి ఉంచండి. కోటింగ్ ఉన్న తీగలు ఖరీదెక్కువే, కానీ ఇక్కడ ఆ డబ్బుకి న్యాయం చేస్తాయి.

పాట్ల సంగతి కొనేముందే చూసుకోవాలి, ఎందుకంటే చాలా మోడళ్ళకి వెనక మూత ఉండదు. వైరింగ్ మొత్తం పైచెక్కకి ఉన్న ఎఫ్ ఆకారపు కన్నంలోంచి బయటికి లాగి, బాగుచేసి, ఒక్కో పాట్‌కి దారం కట్టి మళ్ళీ దాని చోటికి లాక్కోవాలి. ఓపికున్న మెకానిక్ పని, కూలీ కూడా ఎక్కువే అవుతుంది. అందుకే షాపులో యాంప్‌కి పెట్టి ప్రతి నాబ్‌నీ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పండి, గరగర వస్తే వద్దనండి. జాక్ దగ్గర కేబుల్ కదిపి చూడండి. ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ మీదా నొక్కండి. ఒక షాపులో ప్లగ్ చేయనివ్వం అన్నారు, నేను అక్కడ కొనలేదు, మీరూ కొనకండి. బాడీ దాదాపు 16 అంగుళాల వెడల్పు ఉంటుంది కాబట్టి కుర్చీలో కాసేపు కూర్చుని చెయ్యి ఎలా ఆనుతుందో కూడా చూసుకోండి. ఎపిఫోన్ గిబ్సన్ సొంత కంపెనీయే, 335 ఆకారం తక్కువ ధరలో కావాలంటే అదీ, ఆర్ట్‌కోరూ రెండూ చేతిలోకి తీసుకుని పోల్చండి. సెటప్‌కి, అంటే తీగల ఎత్తూ అవీ సరిచేయించడానికి, కొంత డబ్బు పక్కన పెట్టుకోండి.

ఇంటికి తెచ్చాక ముందు మెడ వైపు పికప్ పెట్టి, టోన్ సగానికి తగ్గించి, వాల్యూమ్ 7 దగ్గర ఉంచి, ఎఫెక్టులేవీ లేకుండా నెమ్మదిగా వాయించండి. ఆ గుండ్రటి సౌండ్ కోసమే దీన్ని కొనేది. హమ్‌బకర్ (రెండు కాయిల్స్ ఉన్న) పికప్‌లున్నదే తీసుకుంటే ఫ్యాను రెగ్యులేటర్, ట్యూబ్‌లైట్ల గుయ్‌మనే చప్పుడు కూడా బాగా తగ్గుతుంది. బడ్జెట్ ఎంతో, ఇప్పుడు ఏ సైజు తీగలు వాడుతున్నారో రాయండి, ఏ మోడల్ చూడాలో చెప్తాను.