సముద్రం ఆమ్లీకరణ చెందితే పగడపు దిబ్బలకు ఏమవుతుంది?

నీటిలో ఆమ్లత పెరిగేకొద్దీ పగడాలు గూడు కట్టుకునే వేగం తగ్గుతుంది, కట్టిన గూడు కూడా గుల్లబారుతుంది. మనం గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు పావు వంతును సముద్రమే పీల్చుకుంటోంది. అది నీటితో కలిసి కార్బానిక్ ఆమ్లం అవుతుంది. అందులోంచి విడిపడే హైడ్రోజన్ అయాన్లు నీటిలోని కార్బొనేట్‌ను పట్టేసుకుంటాయి. పగడాల గూడు కాల్షియం కార్బొనేటే కాబట్టి, ఈ ముడిసరుకు తగ్గితే అదే గూటికి ఎక్కువ శక్తి ఖర్చుపెట్టాలి.

పపువా న్యూగినీలోని మిల్న్ బేలో ఇది కళ్లారా కనిపిస్తుంది. అక్కడ అగ్నిపర్వత ప్రాంతపు సముద్రగర్భం నుంచి కార్బన్ డయాక్సైడ్ సహజంగానే బుడగలుగా పైకొస్తుంటుంది. బుడగల దగ్గర కొమ్మలుగా పెరిగే పగడాలు బాగా తగ్గిపోయాయి, బండల్లా ఉండే పోరైటిస్ పగడాలే ఎక్కువగా మిగిలాయి. దూరం నుంచి దిబ్బ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ కొమ్మల సందుల్లో తలదాచుకునే చిన్న పీతలకు, రొయ్యలకు చోటే కరువైంది. నష్టమంతా అక్కడే ఉంది.

సముద్రం యాసిడ్‌గా మారిపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఇప్పటికీ క్షారమే. పారిశ్రామిక విప్లవం నుంచి ఉపరితల నీటి పీహెచ్ (ఆమ్లతను చెప్పే కొలమానం, అంకె తగ్గితే ఆమ్లత పెరిగినట్టు) సుమారు 8.2 నుంచి 8.1కి దిగింది. చిన్న తేడాలా ఉన్నా, హైడ్రోజన్ అయాన్లు దాదాపు 30 శాతం పెరిగినట్టు లెక్క. పగడాలు తెల్లబడటం మాత్రం వేరే సమస్య, దానికి ప్రధాన కారణం నీరు వేడెక్కడం.