విండోస్ మొదలవగానే అక్కరలేని ప్రోగ్రాములు తెరుచుకుంటుంటే

మీ విండోస్ 11 ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే గేముల యాప్, పాటల యాప్, చాటింగ్ యాప్ వరుసగా తెరుచుకుంటున్నాయనీ, రోజూ మూసేస్తున్నా మర్నాడు మళ్లీ ప్రత్యక్షమవుతున్నాయనీ రాశారు. మూసేయడం ఆ పూటకే పనిచేస్తుంది. వాటిని ఆపాల్సిన చోటు వేరు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఎడమవైపు ‘స్టార్టప్ యాప్స్’ తెరిచి, అక్కరలేని పేరుపై కుడి క్లిక్ చేసి ‘డిజేబుల్’ ఎంచుకోండి. ప్రోగ్రామ్ ఎక్కడికీ పోదు, మీరు తెరిచినప్పుడే వస్తుంది. ఒక్కో ప్రోగ్రామ్ వల్ల విండోస్ మొదలవడంపై ఎంత భారం పడుతోందో చెప్పే ‘స్టార్టప్ ఇంపాక్ట్’ నిలువు వరుసలో ‘హై’ అని ఉన్నవాటి పని ముందు పట్టండి. విండోస్ సెక్యూరిటీ, ఆడియో, టచ్‌ప్యాడ్‌లకు చెందినవాటిని మాత్రం దయచేసి ముట్టుకోవద్దు. తెలియని పేరు కనిపిస్తే కుడి క్లిక్‌లోనే ‘సెర్చ్ ఆన్‌లైన్’ ఉంది. అదేమిటో చూశాకే నిర్ణయించండి.

ఇంత చేసినా ఏదైనా తిరిగొస్తే, చాలామంది గమనించని ఒక స్విచ్ చూడండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైన్ ఇన్ ఆప్షన్స్‌కు వెళ్లండి. మీరు సైన్ అవుట్ చేసేటప్పుడు తెరిచి ఉన్న కొన్ని యాప్‌లను గుర్తుపెట్టుకుని, మళ్లీ సైన్ ఇన్ కాగానే తెరిచే స్విచ్ అక్కడుంటుంది. దాన్ని ఆపేయండి.

కొన్ని యాప్‌లలో, విండోస్‌తో పాటే తెరుచుకోవాలా వద్దా అనే సొంత అమరిక కూడా ఉంటుంది. ఉదాహరణకు గేముల యాప్ అయిన స్టీమ్‌లో అది సెట్టింగ్స్‌లోని ‘ఇంటర్‌ఫేస్’ విభాగంలో ఉంది. అక్కడ కూడా ఆపేయండి. తర్వాత ఒకసారి రీస్టార్ట్ చేసి, ఇంకా ఏది తెరుచుకుంటోందో దాని పేరు రాయండి.