‘చేనేత’ అంటే ఏది? ‘కళ’ అంటే ఏది? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలు దాదాపు అన్నీ ఒకే తీరువి. ఫోన్లో మొదలైన వాదన ఒక మాట దగ్గర చిక్కుపడింది, ఆ మాటకు అసలు అర్థం చెప్పండని అడిగారు. ధర్మవరం ప్రశ్నకు ఎక్కువ చోటిచ్చాం. అక్కడ మాట తేడా వస్తే చీర ధరే మారిపోతుంది.

ప్రశ్న: మగ్గానికి ఎలక్ట్రానిక్ జకార్డు పెట్టినాం. డిజైను కంప్యూటర్లో గీయించి పెన్‌డ్రైవులో తెచ్చుకుంటాం. చీర ఫొటో పెడితే ‘ఇది చేనేత కాదు, కంప్యూటర్ నేత’ అని ఒకాయన రాసినాడు. దాని కింద పెద్ద రచ్చ. మాది చేనేతనా, కాదా? ఇంకొకటి. ఏఐ గీసిన నెమలి బొమ్మను నేస్తే మెడ సాగి కొంగ మాదిరి వచ్చింది. తప్పు యాడుంది?
– ఒక నేతన్న, ధర్మవరం

జవాబు: ముందు చట్టం సంగతి. చేనేతకు కొన్ని రకాల బట్టలను కేటాయించిన 1985 నాటి చట్టం, మరమగ్గం కాని మగ్గమంతా చేమగ్గమే అంటుంది. కరెంటులాంటి శక్తితో నడిచేది మరమగ్గం. అంటే చూడాల్సింది మగ్గాన్ని ఏది నడుపుతోందన్నది. డిజైను ఎక్కడ గీశారన్నది కాదు.

జకార్డు చేసే పని ఒకటే: ఈ పేకకు (అడ్డదారానికి) పడుగులో (నిలువు దారాల్లో) ఏ పోగులు లేవాలో చెప్పడం. పాత జకార్డులో ఆ సంగతి రంధ్రాలు కొట్టిన అట్టలు చెబుతాయి. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది దూరుతుంది, దాని కొక్కెం పైకి లేస్తుంది. రంధ్రం లేనిచోట సూది వెనక్కి నెట్టుకుపోతుంది, కొక్కెం కిందే ఉండిపోతుంది. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. మీ ఎలక్ట్రానిక్ జకార్డులో అట్టల దండ పోయి ఫైలు వచ్చింది, అంతే తేడా. ఫ్రాన్సులోని లియాన్‌లో జోసెఫ్ మారీ జకార్డ్ ఈ అట్టల పద్ధతిని 1804లో తెచ్చాడు. కంప్యూటర్‌కు ముత్తాతలాంటి యంత్రాన్ని తలపెట్టిన చార్లెస్ బాబేజ్ అట్టల ఆలోచనను ఈ మగ్గం నుంచే తీసుకున్నాడు. కాబట్టి ‘కంప్యూటర్ నేత’ అన్నవారికి చెప్పండి, మగ్గమే ముందు పుట్టింది, కంప్యూటర్ దాని దగ్గర నేర్చుకుంది.

నాడె (పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లేది) విసరడం, పేకను దగ్గరికి కొట్టడం, తెగిన పోగును ముడివేయడం, అంచు బిగువు చూసుకోవడం మీ చేతులే చేస్తుంటే అది చేనేతే అని మా నిశ్చితాభిప్రాయం. నాడెను మోటారు విసిరితే మరమగ్గమే, అందులో రెండో మాట లేదు. చిక్కంతా నడుమ ఉన్నదాంతో: జకార్డును పైకెత్తడానికి మాత్రం చిన్న మోటారు పెట్టిన మగ్గం. అలాంటి చీరను ‘చేనేత, జకార్డు ఎత్తడానికి మోటారు’ అని విప్పి చెప్పి అమ్మండి. దాచి అమ్మితే తర్వాత తెలిసినప్పుడు ఊరిలోని మగ్గాలన్నిటి మాటా పోతుంది.

చీరకు ఉండే గుర్తింపు చీటీల గొడవ కూడా ఇక్కడే తేల్చుకుందాం. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ చెప్పేది పట్టు అసలుదని మాత్రమే, మరమగ్గం మీద నేసిన పట్టుకూ అది ఉండొచ్చు. చేత్తో నేసిందని చెప్పేది 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్. ధర్మవరం పట్టుచీరకున్న భౌగోళిక గుర్తింపు మూడోది, అది ఊరికీ పద్ధతికీ సంబంధించింది. సిల్క్ మార్క్ చూపించి ‘చేనేత’ అని వాదించేవారు, తెలిసో తెలియకో, ఒక మాటకు ఇంకో మాట చీటీ అతికిస్తున్నారు.

ఇక నెమలి. ఏఐ చిత్రంలో గడి చదరంగా ఉంటుంది. మగ్గం మీద ఆ గడి చదరం కాదు. అడ్డంగా ఒక గడి అంటే ఒక పడుగు పోగు, నిలువుగా ఒక గడి అంటే ఒక పేక. మీ మగ్గంలో అంగుళానికి 80 పోగులు, 60 పేకలు అనుకుందాం. 160 గడుల వెడల్పు, 160 గడుల ఎత్తు ఉన్న బొమ్మ అడ్డంగా 2 అంగుళాలు వస్తుంది, నిలువుగా 160ని 60తో భాగిస్తే రెండు ముప్పావుకు కాస్త తక్కువ. మెడ సాగింది అక్కడే. 2 అంగుళాల ఎత్తు కావాలంటే ఫైలును 160 వెడల్పు, 120 ఎత్తుకు మార్చాలి. ఒక్కో కొక్కేనికి రెండు పోగులు కట్టి ఉంటే వెడల్పు 80 గడులే. ముందు మీ బట్ట మీద అంగుళం కొలిచి పోగులు, పేకలు లెక్కపెట్టుకోండి. మగ్గం మీద బిగువుగా ఉన్నప్పుడు కాదు, దించి వదులైన గుడ్డ మీద.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఏఐ బొమ్మలో వేల రంగుఛాయలు ఉంటాయి, మీకు కావాల్సింది పడుగు రంగు, జరీ, మహా అయితే ఇంకో పేక రంగు. రంగులను రెండు మూడుకు కుదించి, అంచుల్లో మిగిలిన మసక గడులను ఒక్కొక్కటిగా తుడిచి, బీఎంపీలో దాచండి. జేపీజీలో దాస్తే అంచుల్లో లేని రంగులు మళ్లీ పుడతాయి. రెండోది: నెమలి రొమ్ములాంటి నిండు జరీ భాగంలో పది పదిహేను పోగుల మీదుగా జరీ ఎక్కడా కట్టుపడకుండా పోతే, కట్టుకున్నప్పుడు గాజులకు తగిలి లేచిపోతుంది. మధ్యమధ్య కట్టు చుక్కలు పెట్టాలి. ఏఐకి ఈ సంగతి తెలియదు, మీ డిజైనరుకు తెలిసి ఉండాలి.

ప్రశ్న: మెషీన్ గీసిన బొమ్మను ‘కళ’ అనవచ్చా? మా తోటి డ్రాయింగ్ టీచర్లలో సగంమంది ఔనంటారు, సగంమంది కాదంటారు. పిల్లల పోటీకి నియమాలు రాయాలి, ఎటూ తేలడం లేదు.
– డ్రాయింగ్ ఉపాధ్యాయురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, మీ రెండు పక్షాలూ ‘కళ’ అనే మాటను వేర్వేరు అర్థాల్లో వాడుతున్నాయి, అందుకే తేలడం లేదు. సంస్కృతంలో కళ అంటే చంద్రుడిలో పదహారో వంతు. నేర్పు అన్న అర్థమూ ఉంది. తెలుగులోకి వచ్చాక కాంతి అయింది: పెళ్లికళ, కళ తప్పిన ముఖం. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో పాట, ఆట, బొమ్మ గీయడంతో పాటు వడ్రంగం ఉంది, యంత్రాలకు సంబంధించిన యంత్రమాతృక ఉంది, మాటల అర్థాలు తెలిసుండడం అనే అభిధానకోశమూ ఉంది. కళ, యంత్రం, మాట మూడూ ఒకే వరుసలో కూర్చున్నాయన్నమాట. ‘టెక్నాలజీ’లో ఉన్న గ్రీకు మాట టెక్నేకు కూడా అర్థం పనితనమే. యంత్రం ఒకవైపు, కళ ఒకవైపు అని గీత గీసే పని పాత మాటలు మనకోసం చేసిపెట్టలేదు.

అందుకే వాదనలో ‘కళ’ అన్నచోటల్లా ఆ మాట తీసేసి మూడింటిలో ఒకటి పెట్టి చూడండి: ‘నేర్పు’, ‘బొమ్మ’, ‘మెచ్చదగ్గ పని’. ‘మెషీన్ గీసింది బొమ్మ కాదు’ అని ఎవరూ అనరు. ‘అందులో పిల్లవాడి చేతి నేర్పు ఉంది’ అని కూడా ఎవరూ అనరు. మిగిలేది మెచ్చుకోవాలా వద్దా అన్న ఒక్క ముక్కే.

మన కాపీరైట్ చట్టం (1957) కూడా మెప్పు జోలికి పోదు. బొమ్మలో కళాత్మక విలువ ఉన్నా లేకపోయినా దాన్ని కళాకృతిగానే లెక్కిస్తుంది. కంప్యూటర్ తయారుచేసిన కృతికి, దాన్ని తయారుచేయించిన మనిషే కర్త అని 1994 సవరణలో చేర్చారు. అమెరికాలో మాత్రం కర్త మనిషే అయి ఉండాలని, యంత్రాన్నే కర్తగా చూపిన చిత్రానికి హక్కు ఇవ్వలేమని అక్కడి అప్పీలు కోర్టు 2025 మార్చిలో చెప్పింది. ఎవరైనా అమెరికా తీర్పు చూపించి ‘చట్టం ఇలా ఉంది’ అంటే, అది ఏ దేశపు చట్టమో ముందు అడగండి.

పోటీ నియమంలో ‘అసలైన కళ’ అని రాయకండి. చేసిన పనిని రాయండి: ఎ3 కాగితం మీద చేత్తో గీయాలి. పెన్సిల్ గీతలప్పుడు ఒకటి, మొదటి రంగు పడ్డాక ఒకటి, పూర్తయ్యాక ఒకటి, మొత్తం మూడు ఫొటోలు జతచేయాలి. దేన్ని చూసి గీశారో అదీ ఇవ్వాలి, అది ఏఐ బొమ్మ అయినా సరే. పెద్ద పిల్లలకు కావాలంటే ఏఐ బొమ్మల విభాగం వేరుగా పెట్టి, దానికిచ్చిన వాక్యాన్ని తెలుగులో రాయించండి. చూపు ఎంత నిశితమో ఆ వాక్యంలో తెలుస్తుంది.

ప్రశ్న: ‘కృత్రిమ మేధ’ సరైనదా, ‘కృత్రిమ మేధస్సు’ సరైనదా? ‘కృత్రిమ’ అంటే నకిలీ కదా, ఆ పేరే తప్పని ఒకరు వాదిస్తున్నారు.
– పోటీపరీక్షల అభ్యర్థి, నంద్యాల

జవాబు: సంస్కృతంలో విడిగా వాడే మాట ‘మేధా’. సు, దుస్ లాంటివి ముందు చేరి సమాసమైనప్పుడు ‘మేధస్’ అవుతుంది, ‘సుమేధసుడు’ అలా వచ్చిందే. ‘మేధస్సు’ తెలుగులో బాగా పాతుకుపోయింది కనుక తప్పనలేం. మాకు ‘మేధ’ ఇష్టం, పొట్టిగా ఉంటుంది, పత్రికల్లోనూ నిలబడింది. ‘కృత్రిమ’లో ఉన్నది ‘కృ’ ధాతువు: చేయబడినది అని అర్థం. నకిలీ అన్న రంగు తర్వాత ఎక్కింది. కృత్రిమ శ్వాస నకిలీ శ్వాస కాదు కదా.

ప్రశ్న: మా బంధువులది తోలుబొమ్మల కుటుంబం. ఇప్పుడు ఫోన్లో ‘తోలుబొమ్మ శైలి’ అని కొడితే చాలు, రావణుడు, హనుమంతుడు వచ్చేస్తున్నారు. మా బొమ్మలను దొంగిలించినట్లే కదా? ‘దొంగతనం కాదు, నేర్చుకోవడం’ అంటున్నారు.
– ధర్మవరం మండలం నుంచి

జవాబు: లోపల జరిగేది తెలిస్తే రెండు మాటల్లో ఎంతెంత నిజముందో తెలుస్తుంది. 2022 ఆగస్టులో విడుదలైన, బొమ్మలు గీసే ఏఐ స్టేబుల్ డిఫ్యూజన్‌నే తీసుకుందాం. చిత్రం మీద కొంచెం కొంచెంగా ఇసుక చల్లినట్టు మసక కప్పి, ఆ మసకను వెనక్కి తీయడం దానికి నేర్పించారు. 200 కోట్లకు పైగా చిత్రాలు వాడారు. తయారైన ఫైలు సుమారు 4 జీబీ. పంచితే ఒక్కో చిత్రానికి రెండు బైట్లు కూడా రావు. కంప్యూటర్లో ‘క’ అనే ఒక్క తెలుగు అక్షరానికే మూడు బైట్లు కావాలి. కాబట్టి మీ బొమ్మలన్నీ అందులో దాచి ఉన్నాయనడం నిజం కాదు.

అట్లని ఏదీ దాగి లేదనడమూ నిజం కాదు. శిక్షణలో ఎక్కువసార్లు వచ్చిన చిత్రాలను తిరిగి రప్పించవచ్చా అని 2023లో పరిశోధకులు మూడున్నర లక్షల చిత్రాల వివరణలతో ప్రయత్నిస్తే, సుమారు వంద చిత్రాలు దాదాపు అచ్చంగా బయటపడ్డాయి. ఒకే ఫొటో ఎన్ని చోట్ల తిరిగితే అంత ప్రమాదం. ఇక మీరు అసలు బాధపడుతున్నది, అడగకుండా, పేరు చెప్పకుండా, పైసా ఇవ్వకుండా వాడుకున్నారని. దానికి ‘కాపీ’ అన్న మాట కన్నా ‘అనుమతి లేకుండా వాడకం’ అన్నది బలంగా నిలుస్తుంది. వాదనలో ఆ మాటే పట్టుకోండి.

రావణుడు వచ్చేస్తున్నాడన్నారు. వచ్చేది తెర మీది చిత్రం, తోలుబొమ్మ కాదు. మేకతోలును వెలుతురు దిగేంత పలచగా గీకి, ఉలితో రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగు వేసి, కీళ్లు దారంతో కట్టి, వెదురుబద్దకు బిగిస్తేనే తోలుబొమ్మ. ఏఐ బొమ్మలో నగల చుక్కలు రంగుతో వేసినవి, నిజమైన బొమ్మలో అవి దీపం కనిపించే రంధ్రాలు. పాత్ర తెర మీద అటూ ఇటూ తిరగాలి గనుక రెండో వైపూ రంగు ఉండాల్సిందే. నిమ్మలకుంట పనితనానికి 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరి పక్కనే ఉన్న మీకు ఇది మేం చెప్పనక్కర్లేదు, కొనేవాళ్లకు మీరు చెప్పాలి. ప్లాస్టిక్ షీటు మీద ముద్రించి ‘తోలుబొమ్మ’ అని అమ్మేవారున్నచోట ఇలా చూపించండి: దీపానికెదురుగా పెడితే తోలు మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా కనిపిస్తుంది, ప్లాస్టిక్ అంతటా ఒకేలా ఉంటుంది. ఉలి రంధ్రానికి వెనకవైపు అంచు కాస్త లేచి వేలికి తగులుతుంది, లేజర్ రంధ్రానికి అంచు గోధుమరంగులో కమిలి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అది కాపాడేది వస్తువు పేరును. తెర మీది శైలిని ఆపడానికి పనికిరాదు.

ఫొటోలు పెట్టేటప్పుడు పొడవైన వైపు 1000 పిక్సెళ్లకు మించనివ్వకండి, పేరును మూలన కాకుండా బొమ్మ ఒంటి మీదుగా వేయండి. మూలన వేస్తే కత్తిరించేస్తారు.

ప్రశ్న: ఏఐతో జాతర ఫ్లెక్సీ తయారుచేస్తే తెలుగు అక్షరాలు పిచ్చిగా వస్తున్నాయి.
– ఫ్లెక్సీ షాపు, కర్నూలు

జవాబు: ఏఐ చాలాసార్లు అక్షరాన్ని అక్షరంగా కాక ఆకారంగా గీస్తుంది, వత్తులు, గుణింతాల దగ్గర తప్పుతుంది. బొమ్మను అక్షరాలు లేకుండా తీసుకుని, రామభద్ర, ధూర్జటి, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లతో మీరే టైపు చేయండి. ఫొటోషాప్‌లో వత్తు పక్కకు పడితే టైపు సెట్టింగుల్లో ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఎంచుకోవాలి. కోరెల్‌లో అను ఫాంటుతో చేసిన ఫైలును వేరే షాపుకు పంపే ముందు కంట్రోల్-క్యూ కొట్టి గీతలుగా మార్చండి, లేకపోతే అక్కడ ఇంగ్లిషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. కొలత సంగతి: 6×4 అడుగుల ఫ్లెక్సీకి అంగుళానికి 100 చుక్కలు వేసుకున్నా 7200×4800 కావాలి. 1024 చుక్కల ఏఐ బొమ్మ ఆ లెక్కన పది అంగుళాలకే సరిపోతుంది. పెద్దది చేసే సాఫ్ట్‌వేర్ వాడితే అమ్మవారి కళ్లు, వేళ్లు ముద్రణకు ముందు దగ్గరగా చూసుకోండి, తప్పులు ఎక్కువగా వచ్చేది అక్కడే.

ప్రశ్న: వాదనలో బ్రౌన్ నిఘంటువు చూపిద్దామని వెతికితే మాటలు దొరకడం లేదు. లేవా, నాకే వెతకడం రాదా?
– డిగ్రీ విద్యార్థి, కడప

జవాబు: చాలావరకు ఉంటాయి. బ్రౌన్ మీ ఊళ్లోనే 1820 నుంచి పనిచేశాడు, ఆయన నిఘంటువు 1852లో అచ్చయింది. ఇప్పుడు షికాగో విశ్వవిద్యాలయం దాన్ని ఆన్‌లైన్లో ఉంచింది. అందులో మాటలు అప్పటి రూపంలో ఉంటాయి. ‘కృత్రిమం’ అని కాదు, ‘కృత్రిమము’ అని వెతకాలి. ‘గుర్రం’ కోసం ‘గుర్రము’ అని, బండి ఱతో ‘గుఱ్ఱము’ అని రెండు రకాలుగా కొట్టి చూడాలి. క్రియ అయితే ‘నేస్తాడు’ కాదు, ‘నేయు’. అప్పుడూ దొరక్కపోతే మొదటి రెండక్షరాలు మాత్రం కొట్టి, వచ్చిన వరుసంతా చదవండి. మాట పక్కన అది సంస్కృతమా, తెలుగా, హిందుస్తానీయా అన్న గుర్తు ఉంటుంది, అదీ చూడండి. ఏ కూర్పు చూస్తున్నారో కూడా రాసిపెట్టుకోండి. 1903లో వచ్చిన రెండో కూర్పును వీరేశలింగం గారితో సహా ఇతరులు సవరించారు. అందులోని మాటనంతా ‘బ్రౌన్ అన్నాడు’ అని వాదించకూడదు.