క్రాస్‌బౌ కొన్న మేనల్లుడికి

చి. చిన్నాకి, మావయ్య దీవెనలు.

మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడేదో విల్లు కొన్నాడంట, అక్టోబరు ఒకటికి అడవికెళ్తాడంట, నువ్వన్నా చెప్పరా తమ్ముడూ" అని ఒకటే కంగారు. అక్క భయం నాకు తెలుసు. మన దగ్గర 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక జింక జోలికెళ్తే కేసే. కృష్ణజింక కేసు టీవీలో ఏళ్ళ తరబడి చూసిన మనిషి ఆవిడ. ఇక్కడ మిషిగన్‌లో లైసెన్సు డబ్బు కట్టి, సీజను చూసుకుని, కొట్టిన జింకకి ట్యాగు కట్టి తెచ్చుకుంటారని, ఆ డబ్బుతోనే అడవుల బాగోగులు చూస్తారని విడమర్చి చెప్పాను. నువ్వు కొన్న క్రాస్‌బౌ, అదే ట్రిగ్గరు నొక్కే విల్లు, దాని ధరలో కూడా 11 శాతం కేంద్ర పన్ను ఉంటుంది, తయారుచేసిన వాడి దగ్గరే వసూలు చేసి వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకి పంచుతారు. సగం నమ్మింది.

నా సంగతి వేరు. చిన్నప్పుడు కోడిని కోస్తుంటే చూడలేక పెరట్లోకి పారిపోయిన వాడివి. అలాంటివాడివి తినే మాంసం ఎక్కడి నుంచి వస్తుందో నీ చేత్తో తెలుసుకుంటానంటే నాకు గర్వంగా ఉంది. భయమూ ఉంది. ఆ రెండూ ఈ ఉత్తరంలో కలగాపులగంగా వస్తాయి, ఓపిగ్గా చదువు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. 1960 జనవరి ఒకటిన గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ సేఫ్టీ క్లాసు చేయాలి. అప్రెంటిస్ లైసెన్సుతో రెండేళ్ళు నెట్టుకురావచ్చని ఎవరన్నా చెప్తే వినకు, క్లాసు చెయ్. మనుషులుండే ఇంటికి 450 అడుగుల లోపల, ఆ ఇంటివాళ్ళ అనుమతి లేకుండా వెయ్యకూడదు. క్రాస్‌బౌకీ అదే రూలు. కింది మిషిగన్‌లో జింకలకి మేత కుప్పలు పోయడం నిషేధం. జింకని కొడితే 72 గంటల్లో ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. 2015లో మా ఇంగమ్ కౌంటీలోనే అడవి జింకల్లో సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అనే మెదడు జబ్బు బయటపడింది, కాబట్టి తల టెస్టుకిచ్చి, ఫలితం వచ్చాకే పొయ్యి ఎక్కించు. రూల్స్ పుస్తకం ఏటా మారుతుంది, ఆ ఏడాదిది చూసుకో.

వీసా సంగతి ఒకటుంది. నువ్వు హెచ్1బి మీద ఉన్నావు. అలాంటి వీసాల వాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది, కానీ ఆ మినహాయింపు నీకు ఎంతవరకు వర్తిస్తుందో లాయరు చెప్పాలి, ఆఫీసులో ఫ్రెండు కాదు. ఆ చట్టం లెక్కలో క్రాస్‌బౌ తుపాకీ కాదు, అందుకే నువ్వు దాన్ని ఎంచుకున్నావని నా ఊహ. తెలివైన పనే. నవంబరు 15న తుపాకీ సీజను మొదలవుతుంది. ఆ రోజు ఎవరో "ఇదిగో నా రైఫిల్, ఒక్కసారి పట్టుకో" అంటారు. పట్టుకోకు. గ్రీన్ కార్డు ఫైలు నడుస్తున్నవాడివి, నాకు నిద్ర పట్టకుండా చేయకు.

ఇక అసలు విషయం. మీ ఆఫీసులో విల్లుతో వేటాడేవాళ్ళు నిన్ను ఎగతాళి చేశారని అమ్మ చెప్పింది. "క్రాస్‌బౌ విల్లు కాదు, నారి ఉన్న తుపాకీ. దాన్ని మా సీజన్లోకి తేవడమే తప్పు" అన్నారంట. నువ్వు చిన్నబుచ్చుకున్నావంట. చిన్నబుచ్చుకోకు, వాళ్ళ మాటలో సగం నిజం ఉంది.

విల్లు సీజను అనేది ఊరికే పుట్టలేదు. విస్కాన్సిన్‌లో 1934లో విల్లు వేటకి విడిగా సీజను పెట్టారు, తర్వాత మిగతా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. విల్లుతో జింకని పడగొట్టాలంటే దానికి బాగా దగ్గరగా వెళ్ళాలి, ఏడాదంతా సాధన చేయాలి, అయినా ఖాళీ చేతుల్తో వచ్చే రోజులే ఎక్కువ. అంత కష్టం ఉంది కాబట్టే వాళ్ళకి పొడుగాటి సీజను, అడవి ప్రశాంతంగా ఉండే అక్టోబరు ఇచ్చారు. మన రాష్ట్రంలో ఆ అభిమానం మరీ లోతైనది. విల్లు వేటలో పేరుమోసిన ఫ్రెడ్ బేర్ పెట్టిన విల్లుల ఫ్యాక్టరీ ఏళ్ళపాటు గ్రేలింగ్‌లోనే నడిచింది. అలాంటి చోట, ముందే బిగించి పెట్టుకుని, స్కోపులో చూసి, ట్రిగ్గరు నొక్కే పరికరం వస్తే మనసు నొచ్చుకోదా? విల్లు వేటగాడికి గుండెలు గుబగుబలాడే క్షణం నారి లాగేటప్పుడే. జింక చూస్తుండగా చెయ్యి కదపాలి. క్రాస్‌బౌలో ఆ క్షణమే లేదు.

రెండో సగం కూడా విను. నాకు భుజం ఆపరేషన్ అయింది నీకు తెలుసు. కాంపౌండ్ బౌ లాగలేకపోయాను. కప్పీలున్న ఆ కాంపౌండ్ బౌకి 1969లో పేటెంటు వచ్చినప్పుడు పాత విల్లులవాళ్ళు దాన్నీ విల్లు కాదన్నారు. పూర్తిగా లాగాక బరువులో ఎనభై శాతం దాకా కప్పీలే మోస్తాయి కదా. ఇవాళ ఎగతాళి చేసినవాళ్ళ చేతుల్లో ఉన్నది అదే. మిషిగన్ 2009లో క్రాస్‌బౌకి తలుపు తెరిచింది, తర్వాత ఇంకా బార్లా తెరిచింది. తెరవకపోతే నాలాంటివాళ్ళం ఇంట్లో కూర్చునేవాళ్ళం. ఒహాయోలో అంతకు చాలా ముందు నుంచే ఉంది. విస్కాన్సిన్ 2014లో విడిగా సీజను పెట్టింది. ఇప్పుడక్కడ విల్లుకంటే క్రాస్‌బౌకే ఎక్కువ జింకలు పడుతున్నాయి. ఆరెగాన్ అసలు వేటకే ఒప్పుకోదు, ఐడహో, మోంటానా విల్లు సీజన్లోకి రానివ్వవు. వాళ్ళ కొండల్లో ఎల్కులనే పెద్ద జింకలు వాళ్ళకి ముఖ్యం, తప్పు పట్టను. మన దక్షిణ మిషిగన్‌లో జింకలు కార్లకి అడ్డం పడి చస్తున్నాయి, ఇక్కడ కొరత జింకలకి కాదు, వేటగాళ్ళకి.

అందుకని నా మాట ఇది: క్రాస్‌బౌని విల్లు సీజన్లోకి రానివ్వాలి. అయితే వచ్చేవాడు విల్లు దూరాన్ని పాటించాలి. ఆ రెండో ముక్క చట్టంలో ఉండదు. నీలో ఉండాలి.

ఎందుకంటున్నానో చెప్తాను. ఐయోనియా కౌంటీలో నాకు వేట నేర్పిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. కార్ల ఫ్యాక్టరీలో రిటైరయ్యాడు. జీవితమంతా విల్లు పట్టిన మనిషి. మోకాళ్ళూ భుజాలూ అరిగిపోయాక, చట్టం మారిందని క్రాస్‌బౌ కొన్నాడు. స్కోపులో ఒకదాని కింద ఒకటి గీతలు, ఇరవై గజాలకొకటి, ముప్ఫైకొకటి, అలా కిందికి. ఫోము దిమ్మె మీద డెబ్బై గజాల నుంచి వేసి, కప్పు సాసరంత చోట గుచ్చాడు. చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను.

ఆ సాయంత్రం ఓక్ చెట్ల అంచున ఆయన ఒక వైపు, నేనొక వైపు కూర్చున్నాం. సోయా చేలో మగజింక ఒకటి, డెబ్బై గజాలుంటుంది. మేత మేస్తున్నది తల ఎత్తి చెవులు ఇటు తిప్పింది. విల్లుతో ఉన్న రోజుల్లో ఆయన దాని వంక చూసి ఊరుకునేవాడు. ఆ రోజు గీత కనిపించింది, వేశాడు.

ఇక్కడ లెక్క చూడు, నీకు లెక్కలంటే ఇష్టం కదా. డెబ్బై గజాలంటే 210 అడుగులు. బోల్టు, అంటే క్రాస్‌బౌ బాణం, సెకనుకి 380 అడుగులు పోతుందనుకో, అర సెకను దాటుతుంది. చప్పుడు సెకనుకి 1,100 అడుగులు పోతుంది, సెకనులో ఐదో వంతు కాకముందే జింక చెవిలో పడుతుంది. అంటే చప్పుడు విన్నాక కూడా దానికి సెకనులో మూడో వంతు టైముంది. దూకడానికి జింక ముందు కాళ్ళు మడిచి కుంగుతుంది. అదీ కుంగి పక్కకి తిరిగింది. గుండె దగ్గర తగలాల్సింది పొట్టలో దిగింది. అదే పాతిక గజాలైతే ఆ టైము సెకనులో ఎనిమిదో వంతు, అది కదిలే లోపే పని అయిపోతుంది. ఫోము దిమ్మెకి చెవులుండవు, అందుకే అది మనకి ఈ సంగతి చెప్పదు.

టార్చి వేసి చూస్తే బోల్టు నేలలో గుచ్చుకుని ఉంది. రెక్కలకి ఆకుపచ్చని జిగురు, పేడ వాసన. గులాబి రంగు నురగైతే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేజం, కొన్ని గంటలు ఆగాలి. ఆకుపచ్చైతే తెల్లవార్లూ ఆగాలి. ఇది నాకు నేర్పింది ఆయనే. ఆ రాత్రి ఆయనే ఆగలేకపోయాడు. బాధ ఆగనివ్వలేదు పాపం. వెళ్ళాం. ఎక్కడో పడుకున్నది లేచి బురద దాటి పోయింది, చప్పుడు విన్నాం. పొద్దున్నే తాడు కట్టిన కుక్కతో జాడ తీసేవాణ్ణి పిలిపించాం. దొరికేసరికి నక్కల్లాంటి కొయోట్లు సగం తినేసి ఉన్నాయి. ఆయన దాని కొమ్ములు ముట్టుకోలేదు. తన ట్యాగు తీసి దానికే కట్టాడు.

మర్నాడే ఇంట్లోంచి నారింజ రంగు రిబ్బను తెచ్చి, తను కూర్చునే చెట్టు చుట్టూ ముప్ఫై గజాల దూరాన కొమ్మలకి కట్టాడు. అక్కడి నుంచి ఆ రిబ్బను అవతల ఎంత పెద్ద కొమ్ముల జింక నిలబడినా ట్రిగ్గరు మీద వేలు పెట్టలేదు. నేనూ అదే పద్ధతి. నువ్వూ రిబ్బను కట్టుకుంటావు. ఇది సలహా కాదురా చిన్నా, నా మాట అనుకో.

నీ మీద కోపంతో కాదు ఇంత గట్టిగా చెప్పేది. నీ తొందర నాకు తెలుసు. మామిడికాయ పండేదాకా ఆగకుండా రాళ్ళు విసిరిన వాడివి, మా ఇంటి పెంకులు రెండు పగలగొట్టావు కూడా. ఆ రోజు తిట్టాను, పాపం ఏడ్చావు. సాయంత్రం అత్తయ్య ముక్కలు కోసి ఉప్పూ కారం అద్ది పెడితే నవ్వావు.

ఇప్పుడు నీ బొటనవేలు సంగతి. ముందు చెయ్యి పట్టు కిందనే ఉండాలి. వేలు పైకి వచ్చి నారి జారే పట్టాలు దాటిందంటే నారి దాన్ని తీసుకుపోతుంది. ఇది అతిశయోక్తి కాదు. బిగించేటప్పుడు తాడు కొక్కేలు రెండు వైపులా సమానంగా లాగు, ఒక వైపు ఎక్కువైతే బోల్టు పక్కకి పోతుంది. బోల్టు నారికి ఆనేదాకా వెనక్కి నెట్టు. ఖాళీగా మాత్రం ఎప్పుడూ వదలకు, విల్లు ముక్కలై మొహాన పడొచ్చు. వేసేముందు క్రాస్‌బౌకున్న రెండు చేతుల పక్కలా చూడు. నారి వదలగానే ఆ చేతులు బయటికి విచ్చుకుంటాయి, కొమ్మో, చెట్టుకి బిగించి కూర్చునే స్టాండు కమ్మీనో తగిలితే బోల్టు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. బిగించిన క్రాస్‌బౌ కారులో పెట్టకు. చీకటి పడ్డాక పాత బోల్టొకటి దిమ్మెలోకి వేసి ఖాళీ చేసుకో.

జింక వేటలో ఎక్కువమంది దెబ్బతినేది ఆయుధాలతో కాదు, చెట్టు స్టాండు మీంచి పడి. నేల మీద కాలు ఉన్నప్పుడే హార్నెస్, అదే పడకుండా ఒంటికి కట్టుకునే బెల్టు, తొడుక్కో, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాడుకి తగిలించే ఉంచు. క్రాస్‌బౌ భుజాన వేసుకుని ఎక్కకు. పైకి చేరాక తాడుతో లాక్కో, అప్పుడు కూడా బోల్టు పెట్టి ఉండకూడదు. మొదటి ఏడాది అసలు చెట్టెక్కకుండా నేల మీద గుడారంలో కూర్చుంటే నాకింకా సంతోషం. పాతిక గజాల్లో జింక నడిచి వస్తుంటే నేల మీద నుంచి చూడటం ఎంత బావుంటుందో నీకే తెలుస్తుంది.

ఇంకో కోరిక. నీ భుజాలు బాగున్నాయి. క్రాస్‌బౌతో ఈ ఏడాది వెళ్ళు, కాదనను. చలికాలంలో నా పాత కాంపౌండ్ బౌ తీసుకెళ్ళి బేస్‌మెంటులో లాగడం నేర్చుకో. లాగే బరువు నీకు తగ్గట్టు షాపులో తగ్గించి ఇస్తారు. ఆఫీసులోవాళ్ళ కోసం కాదు. చేత్తో లాగి పట్టుకున్నప్పుడు దూరం అంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది, ఆ తెలివి తర్వాత క్రాస్‌బౌ పట్టుకున్నా పోదు. వాళ్ళతో వాదించకు. నీ రిబ్బను ఎన్ని గజాల్లో ఉందో చెప్పు, వాళ్ళే మాట కలుపుతారు.

సెప్టెంబరులో ఏ శనివారమైనా నోవై నుంచి బయల్దేరి ఇటు రా. క్రాస్‌బౌ బిగించకుండా పెట్టెలో తీసుకురా, నువ్వు వాడబోయే బ్రాడ్‌హెడ్లు, అవే వేటకి వాడే పదునైన మొనలు, కూడా తీసుకురా, సాధన మొనలకీ వాటికీ గురి తేడా వస్తుంది. ఇరవై, ముప్ఫై గజాలకి దిమ్మెలు నేను పెట్టి ఉంచుతాను. హార్నెస్ కొనకు, నీ కొలతకి ఇక్కడ ఒకటి తెచ్చి పెట్టాను. ఏ శనివారం వస్తావో ముందే చెప్తే అత్తయ్య గోంగూర మటన్ చేస్తానంటోంది.

ఇట్లు,
మీ మావయ్య